తడి డబ్బాలు, తీపి కబురు

రోజూ పొద్దున్నే పనిలోకి దిగేముందు రేకు అత్త ఫ్యాక్టరీ గుమ్మంలో ఒక రేకుముక్క మీద చిటికెడు పొడి వేసి చూసేది. ఆ పేరు అలాగే వచ్చింది. పొడి గట్టిగా పొగలు కక్కితే గాలిలో తడి ఎక్కువని అర్థం. ఆ పూట డబ్బాలు నింపేది కాదు.

అది అల్యూమినియం క్లోరైడ్. కరిగిన అల్యూమినియం మీదికి క్లోరిన్ వాయువు పంపితే ఆవిరిగా లేచి, పక్క గది చల్లని గోడలకు లేతపసుపు పెచ్చులుగా అంటుకుంటుంది. ఆ పెచ్చులు రాల్చి, ఆరిన డబ్బాల్లో నింపి, గాలి చొరకుండా మూత బిగించడం అత్త పని. నీటి చుక్క తగిలిందా, బుసకొట్టి ఘాటైన ఆమ్లపు పొగ వదులుతుంది. మూసిన డబ్బాలో ఆ పొగకు దారి ఉండదు.

పైగదిలో కూర్చునే సూపర్‌వైజరు ఆమె సొంత మరిది. ఇంటి వాటాల దగ్గర చెడి పదకొండేళ్లు. పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఇద్దరి మాటలూ గేటు దగ్గరి కాపలా అన్నే మోసేవాడు. దేవుడు చల్లగా చూడాలి, అంత మెత్తని మనిషి. మాటల్లోని ముళ్లన్నీ దారిలోనే ఏరేసేవాడు.

ఆ రోజు కడిగిన డబ్బాలు ఆరకుండానే వచ్చాయి.

“వెళ్లి చెప్పు అన్నయ్యా! ఇవి నింపితే పేలతాయి. వాడి బుర్రలో ఉన్నది మట్టి అని కూడా చెప్పు,” అంది అత్త.

అన్న పైకెళ్లి, “డబ్బాలు ఒకసారి చూసుకోమంటున్నారయ్యా వదినగారు,” అన్నాడు.

“నాకే నేర్పుతోందా? చేతకాకపోతే మూల కూర్చోమను. వేరేవాళ్లు నింపుతారు.”

అన్న కిందికొచ్చి, “ఈ పూట నిన్ను కాస్త కూర్చోమన్నారమ్మా,” అన్నాడు. మరిది దారికొచ్చాడనుకుని అత్త గేటు దగ్గర బల్ల మీద కూర్చుంది. లోపల డబ్బాలు నిండాయి.

మధ్యాహ్నం ఒక మూత ఉబ్బిందంటే మరిది చూడబోయాడు. అది ముఖం మీదికే ఎగిరింది. తెల్లటి పొగలోంచి దగ్గుతూ బయటికొచ్చి పడ్డాడు. అత్తే జుట్టు పట్టి కుళాయి కింద వంచింది. ఎంతసేపటికో కళ్లు తెరిచాడు. చూపు దక్కింది, నోరూ తగ్గలేదు.

“చెయ్యి తియ్యి! కావాలనే చెప్పకుండా ఊరుకున్నావు కదూ?”

“పేలతాయని కబురంపానురా, మట్టిబుర్రా!”

“ఎవరితో?”

ఇద్దరూ ఒక్కసారే తిరిగి చూశారు. కాపలా అన్న తువ్వాలు అందించబోయి ఆగాడు. “ఒకింటివాళ్లు కదమ్మా... కాస్త తీయగా చెబుదామని...”

అత్త ఆ తువ్వాలు లాక్కుని మరిది ఒళ్లోకి విసిరేసింది.

“నీకు పుణ్యముంటుంది అన్నయ్యా, ఒక్క సాయం చెయ్యి. ఇకమీదట నా తిట్టు తిట్టులాగే అందించు.”