రుక్కమ్మ కూర్చుని చూసిన వీధి

రెండేళ్లు వరసగా మేత దొరకక, మర్పల్లి దగ్గర పల్లెలో గొర్లన్నీ అమ్మేసి బీరప్ప తాండూరు చేరింది 1958లో. మల్లప్ప అనే పెద్దమనిషి బండల గనిలో పని ఇప్పించాడు. తన ఇల్లు కూడా అమ్ముతానన్నాడు. రాతి గోడలు, మూడు అర్రలు, వెనక బావి. గనుల వైపు నుంచి దిగివచ్చే వీధి సూటిగా ఆ ఇంటి తలుపు ముందుకొచ్చి, అక్కడ స్టేషన్ వైపు మలుపు తిరుగుతుంది. వీధిపోటని ఎవరో అంటే బీరప్ప పట్టించుకోలేదు.

ఆయన భార్య రుక్కమ్మ లోపలికి పోకుండా గుమ్మంలోనే నిలబడి వీధి మొగదల దాకా చూసింది. చిన్నప్పటి నుంచి మంద వెంట తిరిగిన మనిషి. ఎక్కడికి పోయినా ముందు నేల వాలు చూస్తుంది.

"ఇయ్యాల గీ అరుగు మీద కూసుంట పటేలా. పొద్దుమీకి చెప్త."

మల్లప్ప మొహం మారింది. "ఇల్లు సూడకుండ బజారు సూస్తవా అమ్మా? వికారాబాద్ నుంచి ఇంకొకాయన సాయంత్రం రైలుకు వస్తున్నడు. ఆయన బయానా ఇస్తే నన్నడగొద్దు."

బండలు నింపుకున్న ఎడ్లబండ్లు ఒకదాని వెనక ఒకటి దిగుతున్నాయి. మలుపు దగ్గర ప్రతి బండివాడూ కిందికి దూకి కాడి పట్టుకుని ఎడ్లను ఆపుతున్నాడు. ఇంటి మూల గోడకు ఒకచోట కొత్త సున్నం కనిపించింది.

"గీడ ఏమైందక్కా?" అని పక్కింటి సత్యమ్మను అడిగింది.

సత్యమ్మ మల్లప్ప వైపు చూసి, "నాకు తెల్వదు బిడ్డా" అని లోపలికి పోయింది.

మధ్యాహ్నం బీరప్ప వచ్చి విసుక్కున్నాడు. "ఇంకెంతసేపు? ఇల్లు చెయ్యి జారిపోతది."

అప్పటికి సన్నగా తుంపర మొదలైంది. నున్నటి రాతిబాట తడిసింది. పైనుంచి వస్తున్న ఒక బండికి కట్టిన ఎడమ ఎద్దు కాలు జారింది. బండివాడు మొగులప్ప కాడి పట్టుకుని వెనక్కి నెడుతున్నాడు, బండి ఆగడం లేదు. చప్పుడుకు బయటికొచ్చిన సత్యమ్మ చెయ్యి పట్టి రుక్కమ్మ పక్క సందులోకి లాగింది, బీరప్ప వాళ్ల వెనకే ఉరికాడు. బండి అరుగెక్కి తలుపును గుద్దింది. బండలు ముక్కలై నట్టింట్లో పడ్డాయి. మొగులప్ప బతికాడు. ఎద్దు లేవలేదు.

సత్యమ్మ రుక్కమ్మ చెవి దగ్గరికి వంగింది. "ఇది మూడోసారి" అంది మెల్లగా.

గంటలో మల్లప్ప మనుషుల్ని పెట్టి రాళ్లు ఎత్తించాడు, తలుపు నిలబెట్టించాడు. బీరప్పను పక్కకు పిలిచి సగం ధరకే ఇస్తానన్నాడు. బీరప్ప ఆశగా భార్య వైపు చూశాడు.

"ధర తగ్గింది. వాలు తగ్గలే" అంది రుక్కమ్మ.

వద్దని చెప్పేసి వాళ్లు బయల్దేరారు. కొంత దూరం పోయాక ఆమె స్టేషన్ వైపు తిరిగింది. ఎందుకో బీరప్పకు అర్థమైంది.

"పోకు. నా పని పోతది."

"ఎరుకే" అంటూనే ఆమె నడిచింది.

వికారాబాద్ నుంచి రైలు దిగి మల్లప్ప ఇల్లు ఎక్కడని అడుగుతున్నాయన పేరు బిచ్చయ్య. పక్కన భార్య, ఆమె చంకలో పసిబిడ్డ. రుక్కమ్మ చెప్పిందంతా విని, "నువ్వు కొనాలని నన్ను మర్లగొడుతున్నవా?" అన్నాడు.

"నా మాట నమ్మకు. వచ్చి సూడు."

ముందు ఆమె, వెనక వాళ్లు నడిచారు. మలుపు దగ్గర ఎద్దు ఇంకా అట్లే పడి ఉంది. దాని పక్కన మొగులప్ప తల పట్టుకుని కూర్చున్నాడు. బిచ్చయ్య భార్య బిడ్డను గట్టిగా అదుముకుంది. తలుపు దాకా కూడా పోకుండా వాళ్లు వెనక్కి తిరిగారు. గుమ్మంలో మల్లప్ప నిలబడి అంతా చూశాడు.

మర్నాడు గనిలో బీరప్పను రావద్దన్నారు. నెలన్నర ఇద్దరూ దొరికిన కూలికల్లా పోయారు. ఆ నెలన్నర బీరప్ప ఆమెతో సరిగా మాట్లాడలేదు. తర్వాత ఇంకో గనిలో పని దొరికింది. మూడేళ్లు కిరాయికి ఉండి, బండ్లు తిరగని సందులో రెండు అర్రల ఇల్లు కొన్నారు. దానికి బావి లేదు. రుక్కమ్మ రోజూ రెండు కడవల నీళ్లు దూరం నుంచి మోసుకొచ్చేది. ఆ నీళ్ల బరువు గురించి బీరప్ప ఎన్నోసార్లు అన్నాడు. ఆమె మాత్రం ఏ రోజూ అనలేదు.