మీట చుట్టూ ఎర్ర జిగురు

అమెరికాలో మా అరోరా ఊళ్ళో తెలుగువాళ్ళ ఇళ్ళలో ఏది పాడైనా ముందు నా దగ్గరికే వస్తుంది. మిక్సీ జార్లు, కుక్కర్ పిడులు, దేవుడి గదిలో వెలగని సీరియల్ బల్బులు, ఒకసారైతే ఎవరిదో పెళ్ళినాటి వాచీ. ఇరవై ఏళ్ళు ఒక ల్యాబ్‌లో కొలత పరికరాలు బాగుచేసే ఉద్యోగం చేశాను. ఉద్యోగం మానేసినా చేతుల దురద పోలేదు. బేస్‌మెంట్‌లో నాకొక బల్ల ఉంది. దాని మీద దీపం, భూతద్దం, పాత పచ్చడి సీసాల నిండా స్క్రూలు. ఒకరి వస్తువు విప్పితే వాళ్ళ ఇంటి సంగతులు కొన్ని తెలిసిపోతాయి. నేనవి ఎవరికీ చెప్పను. నాలో నాకు నచ్చే గుణాల్లో అదొకటి.

ఆ శనివారం పొద్దున మా ఆయన బ్యాడ్మింటన్‌కి వెళ్ళారు. కాసేపటికి మా వీధి చివరింటి స్నేహితురాలు వచ్చింది. ఆమె భర్తా, మా ఆయనా ప్రతి శనివారం కలిసి ఆడతారు. పేపర్ టవల్‌లో చుట్టిన రాగి గొట్టం ఒకటి నా చేతిలో పెట్టింది.

“అక్కా, మా ఆయన టార్చి లైటు. గరాజ్ డ్రాయర్ల పడుంది. బటన్ స్టక్ అయింది, జర చూస్తవా?”

కాఫీ తాగి వెళ్ళమంటే పిల్లల్ని స్విమ్మింగ్‌కి డ్రాప్ చేయాలని వెళ్ళిపోయింది. నా మొహం వైపు సరిగ్గా చూడలేదు. హడావిడిలో ఉందనుకున్నాను.

పేపర్ విప్పగానే తెలిసింది, అది టార్చి కాదు. వెలుతురు రావలసిన చోట అద్దం లేదు, నోట్లో పెట్టుకునే చిన్న గొట్టం ఉంది. ల్యాబ్ పార్కింగ్ లాట్‌లో ఇలాంటివి చాలా చూశాను. సిగరెట్ మానేశామని చెప్పుకుంటూ కొందరు పట్టుకు తిరిగే వేప్. పొగ బదులు ఆవిరి పీలుస్తారు, అంతే తేడా. ముక్కు దగ్గర పెట్టుకుంటే మామిడిపండు ఎసెన్స్ వాసన వచ్చింది. నాకు నవ్వొచ్చింది. పాపం, పిచ్చిది, మొగుడు టార్చి అంటే నమ్మేసింది అనుకున్నాను. దీన్ని బాగుచేసి ఇస్తే పాపం నాదవుతుంది, చెప్పకుండా ఎలా ఇవ్వాలి, చెబితే ఆ ఇంట్లో ఎంత గొడవ అవుతుంది అని, పరాయివాళ్ళ కాపురం గురించి చాలా పెద్దమనిషిలా ఆలోచించాను. ముందు విప్పి చూద్దాం, తర్వాత సంగతి తర్వాత అని కూర్చున్నాను.

ఇందులో చిప్పు, సర్క్యూట్ లాంటివేమీ ఉండవు. గొట్టంలో లావుపాటి బ్యాటరీ ఒకటి, పైన వేడెక్కే తీగచుట్ట, అడుగున మీట. మీట నొక్కితే కరెంటు నేరుగా పోతుంది, వదిలితే ఆగుతుంది. ఆ మీటే బిగుసుకుపోతే ఆపేవాళ్ళుండరు, జేబులోనే బ్యాటరీ కాలిపోవచ్చు. అందుకే ముందు పైభాగం మర తిప్పి తీసి, బ్యాటరీ బయటికి లాగి దూరంగా గాజు గిన్నెలో పెట్టాను. అప్పుడు గొట్టం తిరగేసి మీట నొక్కాను. సగం లోపలికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది.

మీట చుట్టూ ఒక రింగు ఉంటుంది. దాన్ని మర తిప్పితే మీట, స్ప్రింగు, కరెంటు అందించే ఇత్తడి పిన్ను అన్నీ ఊడి వస్తాయి. ఊరగాయ సీసా మూతలు తీసే రబ్బరు ముక్కతో పట్టుకుని ఎంత తిప్పినా రింగు కదల్లేదు. ఎవరో జిగురు పెట్టారు. మర అరిగి వదులైనట్టుంది, సందు పూడ్చబోయి మీటను కూడా అతికించేశారు. జిగురు పెట్టేటప్పుడు వస్తువును తలకిందులుగా, అతికే చోటు కిందికి ఉండేలా పట్టుకోవాలి, లేకపోతే లోపలికి కారుతుంది. ఇంత చిన్న విషయానికి ఓపిక లేనివాళ్ళు మరమ్మతు జోలికి ఎందుకు వెళ్తారో అని విసుక్కున్నాను.

నెయిల్ పాలిష్ రిమూవర్‌లో అడుగు భాగం ముంచి, జిగురు మెత్తబడేదాకా రెండు బట్టల లోడ్లు మడత పెట్టాను. మళ్ళీ వచ్చి తిప్పితే రింగు కిర్రుమని కదిలింది. మీట ఊడింది, స్ప్రింగు ఊడింది. స్ప్రింగు చుట్లలో, మర గాడిలో ఇటుక రంగు పొడి గడ్డకట్టి ఉంది. రాగి రంగులో కలిసిపోయింది కాబట్టి పైనుంచి కనపడలేదు. తుప్పేమో అనుకున్నాను. రాగికి అలాంటి తుప్పు పట్టదు. సూదితో గీకితే రవ్వలా రాలింది.

భూతద్దం కింద ఆ రవ్వను చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. తెలిసింది. అయినా తెలియనట్టు లేచి వెళ్ళి వెనిగర్ తెచ్చాను. ఒక చుక్క వేశాను. సన్నగా బుడగలు వచ్చాయి, ఎర్ర పొడి మెల్లగా పచ్చబడింది. చక్కటి వంటింటి పసుపు రంగు.

వంట సోడా మీద ఇన్‌స్టంట్ జిగురు చుక్క వేస్తే రాయిలా గట్టిపడుతుంది. అది చాలామందికి తెలిసిన చిట్కాయే. అందులో పసుపు కలపడం మాత్రం మా ఇద్దరిదే. పెళ్ళయిన కొత్తలో, ఇంకా అపార్ట్‌మెంట్‌లో ఉండగా, పసుప్పచ్చ ప్లాస్టిక్ టేబుల్ ల్యాంప్ ఒకటి పగిలింది. అతుకు కనపడకూడదని సోడాలో పసుపు కలిపి రెండు చుక్కల నీళ్ళు వేశాను. అది కాస్తా పారాణిలా ఎర్రబడింది. సున్నంతో పసుపు ఎర్రబడుతుందని తెలిసినదాన్నే, సోడాతో కూడా అంతేనని తట్టలేదు. వంటింటి నేల మీద కూర్చుని ఇద్దరం కడుపు పట్టుకు నవ్వాం. రాగి వస్తువులకు పనికొస్తుందిలే అని ఆయన ఆ ముద్దను ఎండబెట్టి, పొడిచేసి డబ్బీలో పోశారు. తర్వాత పూజ దగ్గరి రాగిచెంబు చిల్లికి నిజంగానే వాడాం. కొలతలు ఇద్దరికీ నోటికొచ్చు. ఈ ఊళ్ళో, ఈ దేశంలో, రాగి గొట్టానికి పసుపు సోడా పూసే మనిషి ఇంకొకడు ఉండడు. తలకిందులుగా పట్టుకొమ్మని వందసార్లు చెప్పినా పట్టుకోని మనిషి కూడా ఆయనే.

ఏడాదిన్నర కిందట ఆయన గుండెలో స్టెంటు వేశారు. సిగరెట్ ముడితే ఇక తాను చేయగలిగిందేమీ లేదని డాక్టర్ మొహం మీదే చెప్పేశారు. హాస్పిటల్ మంచం మీదే ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, నీ మీద ఒట్టు, ఇక ముట్టను అన్నారు. నా తల మీద ఒట్టంటే నా ప్రాణం మీద ఒట్టు. ఆ మాట నమ్మి నేను రాత్రిళ్ళు నిద్రపోయాను. ఉప్పు తగ్గించాను, నెయ్యి మానిపించాను, నడకకు లాక్కెళ్ళాను. అదేమీ పెద్ద విషయం కాదు. ఆ మాట నమ్మి నేను చేసిన ఇంకో పని ఉంది.

మొన్న నవంబరులో థాంక్స్‌గివింగ్ సెలవులకి మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చింది. నాన్న కార్ తీసుకుని షాపుకి వెళ్ళొచ్చి, వంటింట్లో నా పక్కన నిలబడి మెల్లగా చెప్పింది. కార్‌లో మ్యాంగో స్మెల్ వస్తోందనీ, నాన్న వేప్ చేస్తున్నాడనీ. నేను నెమ్మదిగా ఉండే రకం కాదు. అక్కడికక్కడే ఆయన్ని పిలిచి అడిగాను. ఆయన కంగారు పడలేదు. ఎయిర్ ఫ్రెషనర్ అన్నారు. మళ్ళీ నా తల మీద చెయ్యి పెట్టారు. చెయ్యి పెడితే ట్రూత్ అయిపోతుందా అని అమ్మాయి అడిగింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లకి ఒట్టు విలువ ఏం తెలుసు అన్నాను. గుండె జబ్బు నుంచి లేచిన తండ్రిని దొంగను చేస్తావా అన్నాను. సారీ చెప్పేదాకా ఈ టేబుల్ దగ్గర కూర్చోవద్దన్నాను.

అది కళ్ళనీళ్ళు పెట్టుకుని సారీ చెప్పింది. ఆయన దాని తల నిమిరి, పర్లేదమ్మా, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది అన్నారు. ఎంత పెద్ద మనసు అనుకున్నాను నేను. మార్చి సెలవులకు అమ్మాయి ఇంటికి రాలేదు. ఆదివారం ఆదివారం చేసే ఫోన్ కూడా, ఆ, ఊ, ఫైన్ అమ్మా, అంతటితో సరి. చదువు బరువు అనుకుని సరిపెట్టుకున్నాను.

మధ్యాహ్నం ఆయన వచ్చేసరికి ఆ ముక్కలన్నీ డైనింగ్ టేబుల్ మీద వరసగా పరిచి ఉంచాను. రింగు, మీట, స్ప్రింగు, పిన్ను, పచ్చబడిన పొడి. ఆయన రాకెట్ బ్యాగు భుజాన అలాగే ఉంచుకుని చూశారు. అది ఫలానా ఆయనది కదా అన్నారు, వీధి చివరింటి వైపు తల తిప్పి. నేను పొడి వైపు వేలు చూపించాను. కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

అక్కడి నుంచి అన్నీ చెప్పారు. వస్తువు తనదేనట. ఇంట్లో ఉంటే నేను విప్పుతానని వాళ్ళ గరాజ్‌లో దాచారట. ఆ స్నేహితురాలికి ఎంత తెలుసో అడగలేదు. అది టార్చి అని నిజంగా నమ్మి తెచ్చిందో, నోటితో చెప్పలేక నా చేతికి తెచ్చి ఇచ్చిందో, ఆమెను కూడా ఇప్పటివరకు అడగలేదు. ఏదైనా ఒకటే అనిపించింది. నా ఒక్కదానికీ తెలియకుండా ఉంచడానికి వీధి చివరిదాకా ఏర్పాట్లు జరిగాయి.

తర్వాత ఆయన తలెత్తి, తప్పు సగమే అన్నట్టు చెప్పారు.

“సిగరెట్ ముట్టనని ఒట్టేశాను. సిగరెట్ అయితే ముట్టలేదుగా.”

ఆ మాటకి నేను అరుస్తాననుకున్నారు. అరవలేదు. నా ప్రాణం మీద వేసిన ఒట్టులో కూడా ఆయన లాయర్‌లా తప్పించుకునే సందు ఉంచుకున్నారని అర్థమై, అరిచే ఓపిక పోయింది.

“పొగ సంగతి వదిలేయండి. ఆ రోజు పిల్ల మీ ముందు నిలబడి ఏడుస్తూ సారీ చెబితే, తల ఎలా నిమిరారు?”

ఆయన స్ప్రింగును వేలితో అటూ ఇటూ దొర్లించారు. నాకు కోపం కంటే అసహ్యం వేసింది, అలా వేయడం పాతికేళ్ళలో మొదటిసారి. చివరికి ఆయన అన్నది ఒకే ఒక్క మాట.

“దానికి మాత్రం చెప్పకు. దాని దగ్గర చులకనైపోతాను.”

తన గుండె గురించి కాదు, నా గురించి కాదు, అబద్ధాలకోరుగా మిగిలిపోయిన పిల్ల గురించి కూడా కాదు. నేను ఫోన్ తీసుకుని బేస్‌మెంట్‌లోకి దిగాను. వెనక నుంచి నా పేరు పెట్టి పిలిచారు. తలుపు వేసుకున్నాను.

అమ్మాయి రెండో రింగుకే ఎత్తింది. శనివారం నేనెప్పుడూ చేయను కాబట్టి నాన్నకేమైనా అయిందా అని అడిగింది. ఏమీ కాలేదన్నాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. గొట్టం, జిగురు, పసుపు, ఒట్టు. మధ్యలో నాకే ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి నా తల మీద చెయ్యి పెట్టి ఎలా మోసం చేశాడో చూడమని, ఒక తోడుదొంగల ముఠా నడుమ నేనొక్కదాన్నే వెర్రిదాన్నయ్యానని, నా గోడంతా దాని ముందు వెళ్ళబోసుకున్నాను. అది అడ్డు రాకుండా విన్నది. నువ్వు చెప్పిందే నిజమైందమ్మా అన్నాను. ఇప్పుడు సంతోషిస్తుందనుకున్నాను, కనీసం తేలికపడుతుందనుకున్నాను.

“ఐ నో అమ్మా,” అంది. “నాన్న లై చెప్తాడు అని నాకు తెలుసు. క్విట్ చేయడం హార్డ్, అందరూ లై చెప్తారు. నేను నాన్న మీద మ్యాడ్‌గా లేను.”

అవతల ఎవరో తలుపు తీసి వేసిన చప్పుడు వినిపించింది.

“నువ్వు నన్ను నమ్ముతావ్ అనుకున్నాను.”

పొద్దుటి నుంచి ఆ క్షణందాకా ఈ ఇంట్లో మోసపోయింది నేనొక్కదాన్నే అనుకున్నాను.