పాత బజారులోనే ఉంటానన్నాను

మా ఆయన బైపాసుకు పోదామన్నప్పుడు నేను ఒక కుట్టుమిషనును తిరగేసి షటిల్ విప్పుతున్నాను.

"ఏమే, బైపాసు మీద షట్టరు ఒకటి అద్దెకుందంట. పొద్దున పోయి చూసొచ్చా. ముందర ట్రాక్టరు తిప్పుకునేంత జాగా ఉంది," అన్నాడు.

"బాగుంది. తీసుకో."

"తీసుకో ఏంది? ఇద్దరం పోదాం."

"నేను రాను బావా."

అంత త్వరగా జవాబు వస్తుందని ఆయన అనుకోలేదు. నేనూ అనుకోలేదు. నోట్లోంచి వచ్చేశాక మాత్రం, ఆ మాట చాలాకాలంగా నాలో తయారై ఉందని తెలిసింది.

ఆ కొట్టు మా నాన్నది. నరసరావుపేట పాత బజారులో, బస్టాండు నుంచి నడిచొచ్చే దూరంలో, ఒకే ఒక్క షట్టరు. నాన్న మిషన్లు బాగుచేసేవాడు. బడి సెలవుల్లో పక్కన కూర్చుని చూస్తూ చూస్తూ నేనూ నేర్చుకున్నాను. ఆడపిల్ల స్పానరు పట్టుకుందేమిటని బంధువుల్లో కొందరు గొణిగారు గానీ ఆయన పట్టించుకోలేదు. ఆయన పోయాక కొట్టు నాకొచ్చింది. మేనబావను చేసుకున్నాను. ఆయనది మోటారు వైండింగు పని, అంటే కాలిపోయిన బోరు మోటార్లకు మళ్లీ తీగ చుట్టడం. పెళ్లయ్యాక షట్టరులో సగం మోటార్లు, సగం మిషన్లు. వెనకాల అత్తరూ మిషనాయిలూ కలిసిన వాసన. అత్తరు మా పక్క కొట్లోంచి వచ్చేది.

మా ఊరు జిల్లా కేంద్రమయ్యాక అంతా బయటికి జరగడం మొదలైంది. బైపాసు పక్కన పొలాలు ప్లాట్లయ్యాయి. అపార్టుమెంట్లు లేచాయి. పెద్ద పెద్ద అద్దాల షోరూములొచ్చాయి. కొత్తగా వచ్చిన ఉద్యోగస్థులు అటే ఇళ్లు తీసుకున్నారు. కొనేవాళ్లు ఎక్కడుంటే అమ్మేవాళ్లు అక్కడికే పోతారు కాబట్టి మా బజారులో ఒక్కో షట్టరూ మూతపడుతూ వచ్చింది. మిగిలినవాళ్లం సాయంత్రం టీ తాగేటప్పుడు తరవాత ఎవరని మాట్లాడుకునేవాళ్లం.

బావ చెప్పింది తప్పు కాదు. రైతులు మోటార్లను ట్రాక్టరు ట్రక్కుల్లో వేసుకొస్తారు. మా వీధిలో ట్రాక్టరు ఆగితే వెనక స్కూటర్లన్నీ హారన్లు కొడతాయి. ఆయన మోటారు దించుకునేలోపు పదిమందితో తిట్లు తినేవాడు. కానీ నా దగ్గరికొచ్చేది ఆడవాళ్లు. ఈపూరు నుంచి, బెల్లంకొండ నుంచి మిషను తలను గోతంలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని వస్తారు. బస్టాండులో దిగి నడుస్తారు. మిషను నా దగ్గర వదిలేసి, అది బాగయ్యేలోపు ఇదే వీధిలో లైనింగు గుడ్డ, దారాలు, హుక్కులు కొనుక్కుంటారు. బైపాసుకు పోతే వాళ్లు ఇంకో ఆటో ఎక్కాలి. ఎక్కినా అక్కడ హుక్కులు దొరకవు.

ఈ మాటే బావకు చెప్పాను. ఆయనకు నచ్చలేదు. "ఒకే ఇంట్లో ఉంటూ రెండు కొట్లేంది, జనం నవ్వరా?" అన్నాడు.

"నవ్వితే నవ్వనీ. నీ మోటార్లు అక్కడికి పోవాల, నా మిషన్లు ఇక్కడే ఉండాల."

ఆయన వెళ్లాడు. సగం షట్టరు ఖాళీ అయింది. ఆ గోడకు తీగ చుట్టల నల్లటి మరకలు మాత్రం మిగిలాయి. నేను సున్నం వేయించలేదు. ఒక బల్ల కొనుక్కొచ్చి అక్కడ వేశాను, వచ్చినవాళ్లు కూర్చుంటారని.

ఆ తరవాత కొన్నాళ్లకు మా ఎదురు బట్టల కొట్టాయన కూడా వెళ్లిపోయాడు. అది నిజంగా నాకు దెబ్బ. ఆయన మా నాన్నకు స్నేహితుడు. నేను బాబాయ్ అని పిలుస్తాను. పెద్ద కొట్టు, పైన ఖాళీ మేడ, వెనక చిన్న పెరడు, ఆ పెరట్లో బాత్రూము. బజారులో ఆడవాళ్లు పోగలిగిన బాత్రూము అదొక్కటే. నాన్న కాలం నుంచి నేను వాడుకునేదీ అదే. బాబాయ్ బైపాసులో షోరూము తెరిచి ఇక్కడ తాళం వేసిన రోజు, మధ్యాహ్నం అటు వెళ్లబోయి ఆ తాళం చూసి నిలబడిపోయాను. అప్పటినుంచి అవసరమైతే కొట్టు మూసి ఇంటిదాకా నడిచిపోయేదాన్ని. పొద్దున టీ మానేశాను.

ఒకరోజు ఈపూరు వైపు నుంచి ఒక టైలరమ్మాయి వచ్చింది. నాకు పాత ఖాతా, ఏడాదికోసారైనా వస్తుంది. ఎండలు ముదిరిన కాలం. మిషనులో షటిలు అరిగిపోయింది, వేరేది తెప్పించాలి, కాసేపు పడుతుందన్నాను. మజ్జిగ ఇచ్చాను. వద్దంది. నీళ్లిచ్చాను. గ్లాసు పక్కన పెట్టింది.

"ఈ ఎండలో నీళ్లు కూడా తాగకపోతే ఎట్టా?" అన్నాను.

ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "తాగితే యాడికి పోవాలక్కా? ఇంటికి పోయిందాకా ఆపుకోవాల. పోయినసారి జొరమొచ్చింది. డాక్టరమ్మ తిట్టింది. ఇంకోసారి మిషను చెడిపోతే మా ఆయనతో పంపిస్తా, నేను రాను."

ఆమె మామూలుగానే చెప్పింది. నాకే చేతిలో పని ఆగిపోయింది. జనం ఎందుకు బైపాసుకు పోతున్నారని మేం రోజూ టీ కొట్టు దగ్గర తెగ మాట్లాడుకున్నాం. ఏసీ అన్నాం, లైట్లన్నాం, పార్కింగన్నాం. అంతసేపూ ఈ మాట ఎవరికీ తట్టలేదు. పొద్దున టీ మానేసి కూర్చున్న నాక్కూడా తట్టలేదు.

ఆ శుక్రవారం కొట్టు మూసి బాబాయ్ షోరూముకి వెళ్లాను. తెల్లటి నేల, చల్లటి గాలి, కూర్చోవడానికి కుర్చీలు. ఒక మూలన 'లేడీస్' అని రాసిన తలుపు. నేరుగా అందులోకి వెళ్లొచ్చి, తరవాత కౌంటరు దగ్గరికి వెళ్లాను.

"ఏం చూపించమంటావమ్మాయ్, చీరలా?" అన్నాడు బాబాయ్.

"చీరలొద్దు బాబాయ్. మీ పాత కొట్టు వెనక తలుపు తాళం కావాల."

ఎందుకో చెప్పాను. ఆయన కొంచెం ఇబ్బంది పడ్డాడు. "అమ్మేద్దామనుకుంటున్నా ఆ కొట్టు. జనం వాడుకోవడం మొదలైతే కొనేవాడు వెనకాడతాడు. మావాడు కూడా ఒప్పుకోడు," అన్నాడు. మావాడంటే వ్యాపారం చూసుకునే ఆయన కొడుకు.

"కొనేవాడు వచ్చాడా?"

"రాలేదు."

"ఎట్టా వస్తాడు బాబాయ్, మనిషి నిలబడని వీధిలో కొట్టు కొనడానికి? జనం వస్తేనే కదా దానికి బేరం. మీరు తాళం ఎప్పుడడిగితే అప్పుడిస్తా."

ఆయన వెంటనే ఇవ్వలేదు. నేను మళ్లీ వారం వెళ్లాను, ఆ పై వారం కూడా. మూడోసారి నన్ను చూడగానే షోరూములో పనిచేసే అమ్మాయిలు నవ్వారు. బాబాయ్ సొరుగులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. "మీ నాన్న కూడా ఇట్టాగే, పట్టుకుంటే వదిలేవోడు కాదు," అన్నాడు.

తాళం తీసి చూస్తే బాత్రూము వాడే స్థితిలో లేదు. గొట్టం పగిలింది, తలుపు చెదలు తినేసింది. అది బాగుచేయడం నా ఒక్కదాని వల్ల కాదు. అదే సమయంలో బజారు వ్యాపారులంతా కలిసి ఏదో ఒకటి చేద్దామని సమావేశం పెట్టుకున్నారు. నేను పెదనాన్న అని పిలిచే చెప్పుల కొట్టు పెద్దాయన దానికి పెద్ద. నేను వెళ్లి చివర కూర్చున్నాను. ఆడదాన్ని నేనొక్కదాన్నే.

వీధి మొదట్లో పెద్ద ఆర్చి కట్టి రంగురంగుల లైట్లు పెడదామన్నది వాళ్ల ఆలోచన. బైపాసును మించి వెలగాలన్నారు. అందరూ తలలూపారు. నేను లేచాను.

"ఆర్చి కింద ఫొటోలు దిగి పోతారు. సరుకు కొనేది ఆడోళ్లు. వాళ్లు ఈడ కాసేపుండాలంటే ముందు బాత్రూం కావాల, కూర్చునే జాగా కావాల."

కొందరు నేలచూపులు చూశారు. చెప్పుల కొట్టు పెద్దాయన దగ్గి, "అవన్నీ ఇట్టాంటి చోట మాట్లాడే విషయాలు కాదమ్మా," అన్నాడు.

"మరి ఎట్టాంటి చోట మాట్లాడాల పెదనాన్నా? మీ ఇంట్లో ఆడోళ్లు మన బజారుకొచ్చి ఎన్నాళ్లయింది? అడిగి చూడండి ఎందుకు రావట్లేదో."

ఆయనకు కోపమొచ్చింది. సమావేశం అలాగే ముగిసింది. కానీ మరుసటి రోజు ఆయనే మా కొట్టు ముందుకొచ్చి నిలబడ్డాడు. లోపలికి రాలేదు. "ఆర్చి తరవాత చూద్దాంలే. గొట్టం పని చేసేవోణ్ణి పంపిస్తా," అని వెళ్లిపోయాడు. ఇంట్లో ఎవరు ఏం చెప్పారో నేను అడగలేదు.

బాత్రూము తయారైంది. కొత్త తలుపు, లోపల గడియ, బకెట్టు, కుళాయి. మొదట్లో శుభ్రం చేసే మనిషి దొరకలేదు. పొద్దున్నే షట్టరు తీయకముందు నేనే చీపురూ ఫినాయిలూ పట్టుకున్నాను. బావ విని, "ఇదంతా నువ్వెందుకు చెయ్యాల?" అన్నాడు.

"వారం రోజులు కంపు కొడితే ఎవరూ రారు. అప్పుడు నేను చెప్పిందే తప్పని తేలుస్తారు. ఆ అవకాశం ఇవ్వను."

తరవాత కొట్లవాళ్లంతా కలిసి ఒకామెను పెట్టుకున్నారు. ఆమె నాకంటే బాగా చేస్తుంది.

గట్టి పరీక్ష వానాకాలంలో వచ్చింది. ఒక మధ్యాహ్నం ఎడతెగని వాన. వీధి కాలవ ఎదురు తన్ని, మురుగు నీళ్లు బజారంతా నిలిచాయి. చెప్పుల కొట్లోకి నీళ్లెక్కాయి. పెదనాన్న మోకాలెత్తు నీళ్లలో నిలబడి, "దానివల్లే ఇదంతా, ముందు ఆ బాత్రూం మూసేయండి," అని అరిచాడు. ఇంకొందరు వంత పాడారు. ఒకాయన తాళం కూడా తెచ్చాడు. నేను వెళ్లి ఆ తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

"ముందు కాలవ పలక లేపండి. లోపల ఏముందో చూడండి. దీనివల్లే అయితే నేనే తాళమేస్తా," అన్నాను.

అప్పుడు బావ వచ్చాడు. నీళ్లొచ్చాయని ఎవరో ఫోను చేశారట. ఎవరిదో బాగుచేసిన బురద పంపును ఆటోలో వేసుకుని తెచ్చాడు. పైపు దించి, పంపు ఆన్ చేశాడు. నీళ్లు కాస్త తగ్గాక పలక లేపారు. కాలవ నిండా టీ కప్పులు, థర్మాకోలు ముక్కలు, ప్లాస్టిక్ కవర్లు, ఒక పాత పరుపు. మా బాత్రూము గొట్టం ఆ చోటికి చాలా దిగువన, అవతల కలుస్తుంది. పెదనాన్న ఆ పరుపు వంక చూసి, పంచె పైకి కట్టుకుని దాన్ని బయటికి లాగడానికి తానే వంగాడు. మేమూ చేతులేశాం.

ఆ తరవాత మున్సిపాలిటీ వాళ్లొచ్చి కాలవంతా తోడించారు. ఇప్పుడు ప్రతి కొట్టు ముందూ చెత్తడబ్బా ఉంది. మానుకోనివాళ్లు ఇంకా ఉన్నారు. నాకు కనపడితే ఊరుకోను. నేను గయ్యాళినన్న పేరు వీధి చివరిదాకా పాకింది.

బజారు మళ్లీ పూర్వంలా అయిందని చెప్పను. మూతపడ్డ షట్టర్లు ఇంకా ఉన్నాయి. పెళ్లి బట్టలకు జనం బైపాసుకే పోతారు, పోనీ. బాబాయ్‌కి అక్కడ వ్యాపారం బాగుంది, బావకూ బాగుంది. కానీ బాబాయ్ పాత కొట్టు మేడ మీద ఇప్పుడు జాకెట్లు కుట్టేవాళ్లు ముగ్గురున్నారు. కింద గాజుల కొట్టు వచ్చింది. కొట్టు అమ్మే మాట బాబాయ్ ఎత్తడం మానేశాడు. మధ్యాహ్నం వేళ నా బల్ల మీద చోటు దొరకదు. ఈపూరు అమ్మాయి పోయిన నెల తానే వచ్చింది. మిషను నాకిచ్చి, పిల్లకు గాజులు కొనుక్కుని, తిరిగొచ్చి కూర్చుని రెండు గ్లాసుల మజ్జిగ తాగింది.

ఇప్పుడు ఇంకో మాట వినపడుతోంది. బస్టాండును కూడా ఊరి బయటికి మారుస్తారేమోనని. నిజమో కాదో తెలియదు. నిజమైతే నా దగ్గరికొచ్చేవాళ్ల కాళ్ల కింద దారే పోతుంది. పెదనాన్న నిన్న కొట్టు ముందాగి, ఈసారి లోపలికే వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

"ఏం చేద్దామమ్మాయ్?" అన్నాడు.

"బస్టాండు యాడన్నా కట్టుకోనీండి. పల్లెల బస్సులు మన వీధి మొదట్లో ఆగాల. అంతే అడుగుదాం."

"వింటారంటావా?"

"వినిందాకా పోదాం."

సోమవారం కలెక్టరాఫీసుకు వెళ్తున్నాం. మేడ మీద జాకెట్లు కుట్టే ముగ్గురూ వస్తామన్నారు. గాజుల కొట్టామె కూడా వస్తానంది. ఆ రోజు పొద్దున కొట్టు తెరవనని, మిషన్లు ఇవ్వాల్సిన వాళ్లందరికీ ఇవాళే ఫోను చేసి చెప్పాను.