ఇరవై మందీ వాడుతున్నారు

చదువుకున్న మనిషి సమయానికి ఒక్క మాట పలకలేకపోతే ఎంత అనర్థం జరుగుతుందో తెలియాలంటే మీరు నా ఫెలోషిప్ ఇంటర్వ్యూ కథ వినాలి. ఆ రోజు అయిదుగురు పెద్దలు నవ్వీ నవ్వీ కళ్ళజోళ్ళు తీసి తుడుచుకున్నారు. ఒకాయనకు పొలమారితే పక్కనున్నావిడ వీపు తట్టి మంచినీళ్ళు తాగించింది. ఆయన తేరుకున్నాడు. నేను తేరుకోవడానికి మాత్రం చాలాకాలం పట్టింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తరోజులవి. నేను సోషియాలజీలో ఎం.ఏ. ముగించి పీహెచ్‌డీలో చేరాను. మా గైడు యశోద మేడమ్ ఒకరోజు పిలిచి అన్నారు.

"పొట్ట చేతబట్టుకుని ఊళ్ళు దాటి వచ్చిన కుర్రాళ్ళకి లైంగిక ఆరోగ్యం గురించి చెప్పేవాళ్ళే లేరు వసంతా. దాని మీద పరిశోధన చేస్తే ఫెలోషిప్ ఇచ్చే సంస్థ ఒకటుంది. మీ జగ్గయ్యపేట వైపు పనులకి ఎక్కడెక్కడి వాళ్ళో వస్తున్నారు కదా. నువ్వు చెయ్యి."

ఫెలోషిప్ వస్తే నా చదువు సాగుతుంది. రాకపోతే నందిగామలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పే ఉద్యోగం నా కోసం ఎదురుచూస్తోంది. ఆ కాలేజీ రేకుల షెడ్డులో నడిచేది. మే నెల మధ్యాహ్నం ఆ రేకుల కింద ప్రాథమిక హక్కులు చెప్పినావిడ ఎవరైనా సాయంత్రానికి వడియంలా తయారై ఇంటికి వెళ్ళాల్సిందే. అందుకని నేను ఫెలోషిప్‌ను గట్టిగా కోరుకున్నాను.

దరఖాస్తుతో పాటు ఇరవై మందితో చిన్న సర్వే చేసి ఆ ఫలితాలు జతచేయాలి. ప్రశ్నలు తయారుచేశాను. మొదటి ఎనిమిది ప్రశ్నలూ పేరు, ఊరు, వయసు, ఏం తింటారు, ఎంత దూరం నుంచి వచ్చారు వంటి మర్యాదైన ప్రశ్నలు. తొమ్మిదోది మాత్రం "మీరు కండోమ్ వాడతారా?" అని. కాగితం మీద రాసేటప్పుడు నాకు ఏ ఇబ్బందీ లేదు. రాయడం వేరు, పలకడం వేరని నాకు జగ్గయ్యపేట దగ్గర ముక్త్యాల రోడ్డు మీద తెలిసింది.

అక్కడ ఒక కాంట్రాక్టరు పెద్ద పెద్ద గోడౌన్లు కడుతున్నాడు. పనివాళ్ళంతా శ్రీకాకుళం నుంచి వచ్చిన ఇరవై, పాతికేళ్ళ కుర్రాళ్ళు. పెళ్ళికాని ఆడపిల్ల అలాంటి చోటికి ఒక్కతే వెళ్ళడమేమిటని మా శేషు బాబాయి నాకు తోడు వచ్చాడు. బాబాయికి జగ్గయ్యపేటలో లారీ స్పేర్ పార్టుల కొట్టు ఉంది. కాంట్రాక్టరు ఆయనకు తెలిసినవాడే. నేను ఇంట్లో అందరికీ "వలస కార్మికుల ఆరోగ్యం" అని చెప్పుకున్నాను. మధ్యలో ఉన్న మాటను మాత్ర మింగినట్టు మింగేశాను.

ఒక రేకుల పందిరి కింద నాకు కుర్చీ వేశారు. ఎదురుగా సింహాచలం అనే కుర్రాడు కూర్చున్నాడు. బాబాయి ఎక్కడో దూరంగా బీడీ కాల్చుకుంటూ ఉంటాడనుకున్నాను. ఆయన ఒక సిమెంటు బస్తా జరుపుకుని సరిగ్గా నా పక్కనే, మోచెయ్యి తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు.

"అడుగమ్మాయ్. నేనూ వింటా. నాలుగు విషయాలు తెలుస్తాయి" అన్నాడు.

ఎనిమిది ప్రశ్నలూ సాఫీగా నడిచాయి. తొమ్మిదో ప్రశ్న దగ్గరకు వచ్చేసరికి నా నాలుక అంగిలికి అంటుకుంది. నన్ను ఎత్తుకుని పెంచిన బాబాయి పక్కనుండగా ఆ మాట ఎలా అనను? మీరైతే అంటారా? అందుకని నా ఎం.ఏ. తెలివినంతా ఉపయోగించి ప్రశ్నను అక్కడికక్కడే మార్చేశాను.

"బాబూ, మీరు... రక్షణ కోసం... అదే, ప్రమాదం రాకుండా పెట్టుకుంటారే... అది వాడతారా?"

సింహాచలం ఏమాత్రం సిగ్గుపడలేదు. "వాడతామండి. రోజూ వాడతాం" అన్నాడు.

రోజూనా అని నేను లోపల ఉలిక్కిపడి, పైకి గంభీరంగా రాసుకున్నాను. "ఎక్కడ కొంటారు?"

"కొనడమేటండి, మేస్త్రే ఇస్తాడు."

యాజమాన్యపు చైతన్యం ప్రశంసనీయం అని రాసుకున్నాను. "ఎన్ని ఇస్తారు?"

"మనిసికొకటండి. పగిలిపోతే ఇంకోటి ఇస్తారు."

నా కలం ఆగిపోయింది. "ఒక్కటేనా? మరి వాడిన తర్వాత?"

"కడిగేసి మేకుకి తగిలించేత్తానండి."

"ఎంతసేపు... అంటే..."

"పొద్దున్న పెట్టుకుంతే సాయంత్రం దాకా తియ్యనండి. చెమటకి దురదెడతాది గానీ తప్పదు."

యువకుల్లో గొప్పలు చెప్పుకునే స్వభావం కనిపిస్తోంది అని మార్జిన్‌లో రాసి, కింద "అలర్జీ?" అని చేర్చాను. నేను అసలు భయపడుతున్న ప్రశ్న అప్పుడు అడిగాను. "మీది వేరేవాళ్ళెవరైనా వాడతారా?"

"సిఫ్టు మారినప్పుడు మా తమ్ముడు పెట్టుకుంతాడండి."

అప్పుడు బాబాయి కల్పించుకున్నాడు. "అది తప్పయ్యా. ఎవరిది వాళ్ళకుండాలి. సైజులు తేడా ఉంటాయి. ఒదులైతే లాభమేంటి?"

నాకు కుర్చీ కింద భూమి కదిలినట్టయింది. మా బాబాయి ఇంత విశాల హృదయుడని నాకు ఇరవై నాలుగేళ్ళుగా తెలియదు. ఆయన అంతటితో ఆగలేదు. నా వైపు తిరిగి, "నేనూ ఈ మధ్యనే మొదలెట్టా అమ్మాయ్, మీ పిన్ని పోరు పడలేక. మొదట్లో ఊపిరాడనట్టుండేది. ఇప్పుడు అలవాటైపోయింది" అన్నాడు.

నేను తల వంచుకుని పేజీ నంబర్లు వేసుకున్నాను. వేసిన నంబర్లే మళ్ళీ వేసుకున్నాను.

మిగతా పందొమ్మిది మందీ ఇంచుమించు అవే జవాబులిచ్చారు. ఒకడు మాత్రం, "మాకు పసుపుపచ్చవిస్తారండి. ఇంజనీర్లకి తెల్లవి" అన్నాడు. సోషియాలజీ విద్యార్థినికి ఇంతకంటే ఏం కావాలి? వర్గభేదం ఇక్కడ కూడా ఉందన్నమాట. ఆ వాక్యం కింద రెండు గీతలు గీశాను.

ఆ మధ్యాహ్నం బాబాయి ఇంట్లో భోజనానికి కూర్చుని పిన్ని మొహం వైపు చూడలేకపోయాను. దోసకాయ పప్పు వడ్డిస్తూ, "ఎండకి తిరిగొచ్చి అట్లా అయిపోయావేంటే" అని ఆవిడ ఉప్పు తెచ్చి నాకు దిష్టి తీసింది.

రిపోర్టు చూసి యశోద మేడమ్ కంగారుపడ్డారు. "ఒకరిది ఒకరు వాడుతున్నారా? కడిగి మళ్ళీ వాడుతున్నారా? ఇది చాలా తీవ్రమైన విషయం. వసంతా, ప్రశ్న కాగితంలో ఉన్న మాటతోనే అడిగావా?"

"అదే మాటతో అడిగాను మేడమ్" అన్నాను. నా జీవితంలో నేనాడిన అబద్ధాలన్నిటికీ ఆ రోజే తగిన శిక్ష సిద్ధమైంది.

ఇంటర్వ్యూ హైదరాబాదులో. అయిదుగురు సభ్యులు. మధ్య కుర్చీలో తెల్ల జుట్టు డాక్టరుగారు. సుఖవ్యాధుల విభాగంలో జీవితమంతా పనిచేసి రిటైరైన మనిషని మేడమ్ ముందే చెప్పారు. ఆవిడ నా రిపోర్టు మొదటి పేజీ చదివారు. రెండో పేజీ చదివారు. మళ్ళీ మొదటి పేజీకి వచ్చారు.

"ఇరవై మందీ వాడుతున్నారు" అన్నారు.

"అవునండి."

"రోజూ. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా."

"కొంత అతిశయోక్తి ఉండొచ్చండి."

"నేను ముప్ఫై ఏళ్ళు ఈ పనే చేశానమ్మా. నాకిలాంటి పేషెంటు ఒక్కడూ తగల్లేదు." ఆవిడ కళ్ళజోడు సవరించుకున్నారు. "నన్ను ఆ కుర్రాడనుకో. అతన్ని ఎలా అడిగావో నన్నూ అలాగే అడుగు."

పక్కన బాబాయి లేడు. అయినా నా నాలుక మళ్ళీ అంగిలికి అంటుకుంది. "మీరు... రక్షణ కోసం... పెట్టుకునేది... వాడతారా?"

డాక్టరుగారు పెదవులు బిగబట్టి నా రిపోర్టు మూడో పేజీ తీశారు. "ఇక్కడ రెండు గీతలు గీశావు. అది కాస్త పైకి చదువు."

నేను నిలబడి చదివాను. "కార్మికులకు పసుపుపచ్చవి, ఇంజనీర్లకు తెల్లవి ఇస్తారు. మేకుకు తగిలిస్తారు. పగిలితే..."

నా గొంతులోంచి వస్తున్న మాటలు అప్పుడు మొదటిసారి నా చెవిన పడ్డాయి. కళ్ళ ముందు ఆ పందిరి మొత్తం కదిలింది. పందిరి గుంజకు వరసగా మేకులు. మేకులకు వరసగా పసుపుపచ్చ హెల్మెట్లు. అంతేనా, గాలికి నా కాగితాలు ఎగిరిపోకుండా వాటి మీద నేను బరువు పెట్టుకున్నది బాబాయి స్కూటర్ హెల్మెట్.

"హెల్మెట్లు" అన్నాను నీరసంగా.

ఆ తర్వాత జరిగింది మొదట్లోనే చెప్పాను. నవ్వులు సద్దుమణిగాక డాక్టరుగారు ఒక్కరే మామూలుగా మాట్లాడారు. "హెల్మెట్లు కూడా మంచివేనమ్మా. కానీ మేం డబ్బులిచ్చేది వాటికి కాదు. ఆ మాట ఒకసారి అను."

"ఏ మాటండి?"

"నీకు తెలుసు."

నాలోని ధైర్యాన్నంతా కూడగట్టుకుని అన్నాను. కూడగట్టింది ఎక్కువైపోయి కేకలా వచ్చింది. బయట వరండాలో తమ వంతు కోసం కూర్చున్న అభ్యర్థులంతా తలుపు వైపు తిరిగారట. పక్క గదిలో వేరే ఫెలోషిప్ ఇంటర్వ్యూకు వచ్చిన అబ్బాయి, పాపం, చెరువుల్లో చేపల పెంపకం మీద చదువుతున్నవాడు, నన్నేం అడిగారోనని చెమటలు పట్టి తన కాగితాలన్నీ తిరగేసుకున్నాడు.

నాకు నెల గడువిచ్చారు. మళ్ళీ సర్వే చేసి తీసుకురమ్మన్నారు. మేడమ్‌కు నా అబద్ధం ఒప్పుకుంటే ఆవిడ తిట్టలేదు. "ఈసారి నీ నోటితో అడుగు" అన్నారు. తిడితేనే బాగుండేదనిపించింది.

ముక్త్యాల రోడ్డు మీద టీ బంకు దగ్గర స్కూటర్ ఆపించి బాబాయికి నిజం చెప్పాను. ఆయన టీ గ్లాసు బల్ల మీద పెట్టి, నా వైపు తిరిగాడు.

"అయితే నేను మీ పిన్ని పోరు పడలేక అన్నప్పుడు..."

"అవును బాబాయ్."

"ఊపిరాడలేదన్నప్పుడు..."

"అవును."

"సైజులు..."

"అవును బాబాయ్."

ఆయన తక్కిన టీ తాగకుండా లేచాడు. "నేను గేటు దగ్గరుంటా. నువ్వు ఎంతసేపైనా అడుగు. నా పేరు మాత్రం ఎక్కడా రాయొద్దు" అన్నాడు.

ఈసారి సింహాచలాన్ని కాగితంలో ఉన్న మాటతోనే అడిగాను. అతను పసుపుపచ్చ హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నవ్వరు గదండి?"

"నవ్వను."

"అదేటో ఇన్నాను గానీ ఎలాగుంతాదో నాకు తెల్దండి. అడగడానికి ఎవులున్నారు?" అని ఆగి, "మా రూములో ఒకడికి పుండు లాగ లేచిందండి. నెలయింది. ఎవులికీ చెప్పనేడు. అది ఎయిడ్సేనా?" అన్నాడు.

నేను కలం మూసి లేచాను. గేటు దగ్గరున్న బాబాయికి చెప్పాను. ఆయన ఒక్క ప్రశ్న కూడా వేయకుండా ఆ పుండున్న కుర్రాణ్ణి స్కూటరెక్కించుకుని జగ్గయ్యపేట ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. మందులతో తగ్గేదేనని డాక్టరు చెప్పాడు. ఆ సాయంత్రానికి మిగతావాళ్ళంతా తమంతట తామే వచ్చి నా చుట్టూ కూర్చున్నారు. నేను అడిగిన ప్రశ్నల కంటే వాళ్ళు నన్నడిగిన ప్రశ్నలే ఎక్కువ. తెలిసినవి చెప్పాను, తెలియనివి రాసుకున్నాను. ఆ ప్రశ్నలే రెండో రిపోర్టు. దానికే ఫెలోషిప్ వచ్చింది.

వచ్చిన సంగతి బాబాయి ఉండబట్టలేక జగ్గయ్యపేటలో ఒక విలేకరి చెవిన వేశాడు. మర్నాడు జిల్లా పేజీలో నా ఫొటో, దాని కింద పరిశోధన అంశం, మింగిన మాటతో సహా పూర్తిగా పడ్డాయి.

మా నాన్న నందిగామ హైస్కూల్లో తెలుగు మాస్టారు. వరండాలో కూర్చుని పేపరు చదవడం ఆయన అలవాటు. ఆ ఉదయం మా వీధిలో వాళ్ళంతా మా కంటే ముందే చదివినట్టున్నారు, ఎదురింటి తలుపులు రెండూ ఓరగా తెరిచి ఉన్నాయి. నాన్న ఆ వార్త చదివారు. మళ్ళీ చదివారు. జేబులోంచి ఎర్ర కలం తీసి పేపరు మీద గట్టిగా సున్నా చుట్టారు.

"వసంతా, ఇట్రా" అని పిలిచారు.

నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. కాలేజీ రేకుల షెడ్డు కళ్ళ ముందు కదిలింది.

"ఏంటిది?"

"అది... నాన్నా..."

"లైంగిక అని ఒకటి, ఆరోగ్యం అని ఒకటి, విడగొట్టి వేశాడు చూడు. అకారానికి ఆకారం పరమైతే ఏ సంధి?"

"సవర్ణదీర్ఘ సంధి, నాన్నా."

"మరి? లైంగికారోగ్యం అనాలి. పేపరువాడికి తెలీదు సరే, ఇంత చదువుతున్నావు, నీకేమైంది? థీసిస్‌లో అన్నా కలిపి రాయి" అని పేపరు నాకిచ్చి, స్నానానికి లేచారు.

ఆ వరండాలో, ఎదురింటివారు తలుపు సందులోంచి సాక్షులుగా చూస్తుండగా, నేను భీషణమైన ప్రతిజ్ఞ ఒకటి చేశాను. ఈ జన్మలో మళ్ళీ ఏ మాటనూ మింగను, ఏ మనిషినీ "అదే, అది ఉంటుందే" అని అడగను, ప్రతిదాన్నీ దాని పేరుతో, నిండు గొంతుతో, అవసరమైన చోట సంధి కూడా చేసి పిలుస్తాను.