మందుల బండి నీళ్ళట్యాంకు

మొన్నటి వానల్లో మా వంటింటి సింకు కింద ఎక్కడో సన్నగా నీరు కారి, ప్లైవుడ్ తలుపు ఉబ్బిపోయింది. బలవంతంగా లాగి తెరిచేసరికి నానిన చెక్కా, జిగురూ, బూజూ కలిసిన మగ్గిన వాసన ఒక్కసారిగా ముఖానికి కొట్టింది. ప్లంబరుకి ఫోను చేద్దామనుకున్నదాన్ని, చెయ్యకుండా అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. ఆ వాసనలో నాకు పదేళ్ళు. బయట అరకు మంచు, కింద కదిలే నీళ్ళ చప్పుడు, ముందు సీట్లో మా నాన్న వీపు.

మా నాన్న నడిపే బండిని ఏజెన్సీ ఊళ్ళలో అందరూ మందుల బండి అనేవారు. ఎవరో విదేశీ దంపతులు దేశమంతా తిరగడానికి ఇల్లులా కట్టించుకున్న పాత బస్సు అది. తిరుగుడు అయిపోయాక కొండల్లో వైద్యం చేసే ఒక సంస్థకి ఇచ్చేసి వెళ్ళిపోయారట. అందులో మడత మంచాలు, రెండు బర్నర్ల పొయ్యి, చిన్న సింకు, తిప్పగానే బ్యాటరీ మోటారు గుర్రుమనే ఒక కుళాయి, వెనక బల్ల కింద రెండు వందల లీటర్ల తెల్లటి ప్లాస్టిక్ ట్యాంకు ఉండేవి. మా అమ్మ ఆ బండిలో నర్సు. నేను మిగతా ఏడాదంతా హాస్టల్లో ఉండి, దసరా సెలవులకీ వేసవి సెలవులకీ వాళ్ళ దగ్గరికొచ్చేదాన్ని. ఇల్లెక్కడని ఎవరైనా అడిగితే ఏ కొండ మీద ఉందో ఆ రోజు చూసి చెప్పాల్సి వచ్చేది.

ఆ వెనక బల్లే నా చోటు. మధ్యాహ్నం భోజనాలయ్యాక బండి ఘాట్ ఎక్కుతుంటే దాని మీద పడుకుని, వీపు కింద ట్యాంకులో నీళ్ళు అటు నుంచి ఇటూ ఇటు నుంచి అటూ బద్ధకంగా పొర్లడం వింటూ, కిటికీలోంచి కనబడే మబ్బు లోయలోదో ఆకాశంలోదో తేల్చుకోలేక నిద్రపోయేదాన్ని. దసరాకి వలిసెలు విరగబూసేవి. కొండవాలంతా పసుపు ఆరబోసినట్టుండేది, తేనెటీగల రొద బండి ఇంజను ఆపాక కూడా చెవుల్లో మిగిలిపోయేది. కొత్త సామలు వండి దేవతకి పెట్టాకే ఇళ్ళవాళ్ళు ముట్టే రోజులవి. మేం వెళ్ళిన ఊళ్ళో ఆ పండగయితే అడ్డాకుల్లో వేడి సామ అన్నం, వెదురు కొమ్ముల కూర మా బండి మెట్ల దాకా వచ్చేవి. సీతాఫలాలు బుట్టలకొద్దీ వచ్చేవి. ఆ ఊళ్ళ ఆడపిల్లలతో బండి నీడలో పిక్కలాడి, చింతగింజలు గౌను జేబు నిండా పోసుకుని లోపలికొస్తే, అమ్మ ముందు నా చేతులు కడిగించి, తర్వాతే ముద్ద పెట్టేది. ఆ నీళ్ళకి బ్లీచింగ్ వాసన, కొద్దిగా ప్లాస్టిక్ రుచి ఉండేవి. ఇప్పటికీ నా నాలుకకి మంచినీళ్ళంటే అవే.

నాకు పదేళ్ళప్పుడు, ఆ దసరా సెలవుల్లోనే, ఒకరోజు పొద్దున్నే ట్యాంకు నిండా నీళ్ళు పట్టుకుని అన్నిటికన్నా పైనున్న ఊరికి వెళ్ళాం. బండి ఆగేసరికే మెట్ల దగ్గర ఒక తల్లి ఏడాది బిడ్డని భుజానేసుకుని నిలబడి ఉంది. విరేచనాలతో బిడ్డ కళ్ళు లోపలికి పోయాయి, ఏడిస్తే గొంతు రావడం లేదు. అమ్మ ఉప్పూ పంచదారా కలిపే గ్లాసు తీసి కుళాయి తిప్పింది. మోటారు గుర్రుమంది గాని, ఒక్క చుక్క రాలేదు.

రాత్రి కురిసిన వానకి కొండ మీంచి దిగే ఊరి గెడ్డ ఎర్రగా పారుతోంది. ఇళ్ళలోని కుండల నీళ్ళు అడిగి తెచ్చి, వడగట్టి, మరగబెట్టి, గిన్నె బయట చల్లటి గాలిలో పెట్టి విసురుతూ చల్లార్చింది అమ్మ. ఆ తల్లి ప్రతి నిమిషానికీ గిన్నె వైపు చూస్తూనే ఉంది. చివరికి చెంచాతో ఒక్కొక్క గుక్కే పోస్తే, మధ్యాహ్నానికి బిడ్డ గొంతెత్తి ఏడ్చాడు. అప్పుడు గాని అమ్మ మెట్టు మీద కూర్చోలేదు.

నాన్న నా వైపు తిరిగాడు. "పొద్దున్న సీసాలో నీళ్ళు పట్టుకున్నాది నువ్వే కదే గుంటా! కుళాయి సరిగా కట్టకుండా ఒగ్గీసినావు. దారంతా కారిపోనాది."

"కట్టేశాను నాన్నా."

"మరి ట్యాంకుడు నీళ్ళు ఏటయిపోనాయి? నువ్వే తాగీసినావేటి?"

కట్టేశానని గట్టిగా చెప్పడానికి నోరు తెరిచాను గాని, నిజంగా కట్టానా అన్న అనుమానం నాకే వచ్చింది. చెయ్యి కుళాయి మీద ఉన్నట్టు గుర్తుంది, గట్టిగా బిగించినట్టు గుర్తు లేదు. చెంచాకోసం నోరు తెరిచిన ఆ బిడ్డ ముఖం కళ్ళ ముందు కదిలి, నేను బండి వెనక్కి పోయి ఏడ్చాను.

అరకు దిగాక నాన్న ట్యాంకు మళ్ళీ నింపి, ఒక పగలంతా బండిని కదపకుండా ఉంచాడు. పైపు బిగింపులు తడిమి, కింద పొడి న్యూసుపేపర్లు పరిచాడు. సాయంత్రానికి కాగితాలు పొడిగానే ఉన్నాయి. "లీకేటీ నేదు," అన్నాడు అమ్మతో. ఆ మాటకర్థం తప్పు నాదేనని. ఆ రెండు రోజులూ వలిసె పూలు కూడా నాకు పసుపుగా కనబడలేదు.

మర్నాడు ఇంకో కొండ మీది ఊరికి ప్రయాణం. బయలుదేరే ముందు అమ్మ కుట్టుడబ్బాలోంచి దారం తీసి, కుళాయి పిడికీ మెడకీ కలిపి ముడేశాను. పిడి కొద్దిగా కదిలినా తెగిపోయేంత పల్చటి దారం. దారంతా ఆ దారాన్నే చూస్తూ కూర్చున్నాను. ఊరు చేరి మూత తీసి చూస్తే నీళ్ళు సగానికి సగం లేవు. నేను నాన్న చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి దారం చూపించాను. ముడి ముడిలాగే ఉంది. నాన్న దాన్ని వేలితో తాకి చూశాడు. తర్వాత కిందకి వంగి, ఎత్తు మీదికి ముక్కు పెట్టి నిలబడ్డ బండిని ఈ చివర నుంచి ఆ చివరకి చూశాడు.

"ఇది సదునులో కారదు. ఎత్తెక్కితేనే కారతాది," అన్నాడు నెమ్మదిగా.

కాని ఎక్కడని తెలుసుకోవడం? మంచులో బండి ఒళ్ళంతా తడే. కిందపడే చుక్క ట్యాంకుదో, మంచుదో చెప్పలేం. అప్పుడు అమ్మ మందుల పెట్టెలోంచి పొటాషియం పర్మాంగనేట్ పలుకులు నాలుగు తీసి ట్యాంకులో వేసింది. పుళ్ళు కడగడానికీ, పూర్వం నూతుల్లో వెయ్యడానికీ వాడే మందది. నాన్న తెచ్చిపోసిన గెడ్డనీళ్ళు ట్యాంకు నిండేసరికి గులాబి రంగుకి తిరిగాయి. మూతలోంచి చూస్తే పొద్దుటి ఆకాశాన్ని ఎవరో అందులో ముంచినట్టుంది.

ట్యాంకు వెనకకీ బండి గోడకీ మధ్య జానెడు సందు. నాన్న భుజాలు పట్టలేదు. నేను దూరాను. ఒక చేతిలో టార్చి, ఇంకో చేతిలో అమ్మ ఇచ్చిన తెల్లటి గాజుగుడ్డ. అక్కడుంది ఆ వాసన, నానిన ప్లైవుడ్ది. బల్ల మీద ఎన్ని సెలవులు పడుకున్నా, అది మంచు వాసనే అనుకున్నాను. అంగుళం అంగుళం గుడ్డ అద్దుకుంటూ పోయాను. ట్యాంకుని కదలకుండా పట్టే ఇనప పట్టీ వంపు తిరిగే మూల దగ్గర, సగం ఎత్తులో, గుడ్డ మీద చిన్న గులాబి చుక్క పూసింది. చూస్తుండగానే అది రూపాయంత అయింది. దాని వెనక వెంట్రుకంత చీలిక. బండి సమంగా ఉంటే మూసుకుపోయేది, ఎత్తెక్కి నీళ్ళ బరువు వెనక్కి జారితే తెరుచుకునేది. నీళ్ళు చీలిక ఎత్తుకి దిగాక కారడం ఆగిపోయేది. మొదటిసారి ట్యాంకు అడుగంటిందంటే, ఆ రోజు గతుకుల్లో ఎగిరెగిరి చిమ్మేసి ఉంటుందన్నాడు నాన్న.

బయటికొచ్చాను. బూజు జుట్టునిండా, వేళ్ళనిండా రంగు. నాన్న నా చెయ్యి పట్టుకుని ఒక్కొక్క వేలే తిప్పి చూశాడు.

"నిన్ను అనీసినాను కదే అమ్మీ," అన్నాడు. "సూడకుండా అనీసినాను." తువ్వాలు తడిపి నా వేళ్ళు తుడిచాడు.

తెలుసుకోవడం ఒకటి, బాగు చెయ్యడం ఒకటి. నాన్న రెండు ముద్దలు కలిపి పిసికే సీలు మందు పెట్టాడు. రెండు ఘాట్లు ఎక్కేసరికి అది బిళ్ళలా ఊడి కిందపడింది. ఈలోగా సంస్థ ఆఫీసు నుంచి, నీళ్ళు నిలవని బండిని కొండలకి పంపడం కుదరదు, సెలవులయ్యేలోగా బాగవకపోతే కిందకి తెచ్చెయ్యమని కబురు. బండి పోతే అమ్మా నాన్నా ఎక్కడుంటారో, నేను సెలవులకి ఎక్కడికి వెళ్తానో ఎవరూ నాకు చెప్పలేదు.

సోనాయి గురించి చెప్పింది అమ్మే. సంతలో ఉప్పుమూటల వరస చివర, బొగ్గుల కుంపటి పెట్టుకుని పగిలిన ప్లాస్టిక్ బకెట్లు అతికే ముసలామె. నుదుటి మీద పచ్చబొట్లు, ముక్కుకి మూడు ముక్కెరలు. తుప్పుపట్టిన బోల్టులు విప్పి, నాన్నా ఇంకో ఇద్దరూ ట్యాంకుని మోసుకుని సంతకి తీసుకెళ్తుంటే జనం తప్పుకుని దారిచ్చారు. ఆమె ట్యాంకుని గోటితో గీకింది, వాసన చూసింది, దానికి చెవి ఆనించి వేలితో కొట్టింది.

"ఇదీ బకెట్టే బాబూ. పెద్ద బకెట్టు," అంది.

ముందు చీలిక రెండు కొసల్లోనూ కాలిన చువ్వతో చిన్న బెజ్జాలు పెట్టింది. అలా చెయ్యకపోతే అది ఇంకా పాకుతుందట. తర్వాత తన మూటలోని పాత డబ్బాల ముక్కల్ని ఒక్కొక్కటీ కాల్చి వాసన చూసి, ట్యాంకు రకానికి సరిపోయిన నీలం ముక్కొకటి ఏరింది. దాన్ని చీలిక మీద ఆనించి, కాల్చిన ఇనప బద్దతో నెమ్మదిగా, రొట్టె మీద వెన్న రాసినట్టు, రెండింటినీ కరిగించి ఒకటి చేసింది. పొగ కళ్ళలోకి పోతున్నా రెప్ప వెయ్యలేదు. లోపలా అంతే, బయటా అంతే. చివరికి సైకిల్ ట్యూబు ముక్కొకటి నాన్న చేతిలో పెట్టి, ఇనప పట్టీ కింద వెయ్యమంది. "ఇనుము ఒరిసి ఒరిసి పగిలినాది. మెత్త ఉంటే ఒరవదు."

ఏం కావాలని అమ్మ అడిగింది. సోనాయి బద్దని నీళ్ళలో ముంచింది, అది చుయ్యిమంది.

"మా ఊరు రండి. మీ బండి మా ఊరు ఎన్నడూ రానేదు."

గెడ్డ అవతల కొండ ఆమెది. బండికి దారి లేదన్నాడు నాన్న.

"దారి మేం ఏసుకుంటాం. మీరు వత్తామని సెప్పండి."

నాన్న అమ్మ వైపు చూశాడు. "వత్తాం," అంది అమ్మ.

సెలవులు ఇంకో రెండు రోజుల్లో అయిపోతాయనగా కబురొచ్చింది. వెళ్ళి చూస్తే, ఆ ఊరి ఆడా మగా కలిసి గెడ్డ రేవులో బండరాళ్ళు పేర్చారు, వాలు తవ్వి, వెదురుతడికెలు పరిచి పైన మట్టి కొట్టారు. మందుల బండి ఏనుగులా ఊగుతూ ఆ కొండెక్కింది. నేను బల్ల మీద పడుకోలేదు. చెవి ఆనించి నీళ్ళ చప్పుడు ఏమాత్రమైనా సన్నగిల్లుతుందేమోనని వింటూ కూర్చున్నాను. నిండు కడవలా బరువుగా పలికింది. పైన ఊరంతా చింత చెట్టు కింద నిలబడి ఉంది. ముందు వరసలో సోనాయి కోడలు, నిండు నెలలు, కాళ్ళు రెండూ పొంగి ఉన్నాయి.

అమ్మ సింకు దగ్గర చేతులు చాపింది. నాన్న కుళాయి మీద చెయ్యి వెయ్యబోయి, ఆగి, పక్కకి జరిగాడు. "నువ్వు తిప్పవే," అన్నాడు నాతో.

తిప్పాను. నీళ్ళు వచ్చాయి. సాయంత్రం దాకా వచ్చాయి.

అమ్మ ఆ కోడలికి బీపీ చూసి, ఆ పూటే మా బండిలోనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలంది. ఆమె నా బల్ల మీద పడుకుంది, సోనాయి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది. మూడో రోజున ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టిందన్న మాట నాకు అమ్మ హాస్టల్‌కి రాసిన ఉత్తరంలో తెలిసింది.

బండి ఇంకో ఏడేళ్ళు తిరిగింది. తర్వాత ఇంజను పోయి, పాత ఇనుముకి పోయింది. కొత్త బండ్లలో పడుకునే చోటు లేదు, ఫోను చేస్తే వచ్చి, రోగిని తీసుకుని వెళ్ళిపోతాయి. అది మంచిదే. పగిలిన బకెట్టు అతికేవాళ్ళు ఇప్పుడు ఏ సంతలోనూ లేరు. వలిసె పూల మడుల్లో టిక్కెట్టు కొనుక్కుని ఫొటోలు దిగుతున్నారు.

కిందటి శీతాకాలం కారులో సోనాయి ఊరికి వెళ్ళాను. ఆమె పోయి చాలా ఏళ్ళయిందట. మందుల బండి గురించి అడిగితే చెట్టు కింద కూర్చున్నవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఎవరికీ గుర్తు లేదు. తిరిగి వస్తూ గెడ్డ మీద కొత్త వంతెన దగ్గర కారాపి దిగి చూశాను. తారురోడ్డు ఇంకెక్కడినుంచైనా వెయ్యచ్చు. వెయ్యలేదు. ఆ ఏడాది వాళ్ళు రాళ్ళు పేర్చిన చోటు నుంచే, వాళ్ళు తవ్విన వాలు మీదుగానే, ఆ వంపులతోనే కొండెక్కుతోంది.