కౌలు కార్డు కోసం బిట్రగుంట దాకా

మా మేనత్త మస్తానమ్మ చిల్లకూరు దగ్గర మూడెకరాలు కౌలుకు తీసుకుని వరి పండిస్తుంది. కిందటేడు తుపానుకు నాట్లన్నీ నీళ్లలో కుళ్లిపోయాయి. ప్రభుత్వం ఇచ్చిన పంట సాయం మాత్రం రికార్డులో పేరున్న భూమి యజమాని ఖాతాలో పడింది. కౌలు రైతు కార్డు ఉంటే ఆ సాయమైనా, రాయితీ విత్తనాలైనా సాగు చేసేవాళ్లకే అందుతాయి. దానికి యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. అత్త సాగు చేసే పొలం రాఘవయ్య గారిది. రైల్వేలో పనిచేసి రిటైరైన ఆయన బిట్రగుంటలో ఉంటారు. "ఒక్కదాన్నే పోతే నాకు నోరు పెగలదు, నువ్వు తోడు రామ్మా" అని అత్త ఫోన్ చేయడంతో ఈ ప్రయాణం మొదలైంది.

అత్త గూడూరులో పొద్దుటి ప్యాసింజరు ఎక్కింది. నేను నెల్లూరులో అదే పెట్టెలో ఆమెను కలిశాను. గంటలోపే బిట్రగుంట వచ్చింది. టికెట్టు కంటే స్టేషను బయట తిన్న కారం దోశకే ఎక్కువ ఖర్చయింది. దోశలామె మా పని సంగతి విని, "గట్టిగా అడగండక్కా. ఇంత దూరం వచ్చి మొహమాటపడితే ఎట్టా?" అంది. అత్త నవ్వింది కానీ, దోశ సగమే తింది.

రాఘవయ్య గారు మర్యాదగానే కూర్చోబెట్టారు. కార్డు మాట ఎత్తగానే ముఖం ముడుచుకుపోయింది.

"సంతకం పెడితే పొలం చేజారిపోద్దని అందరూ అంటన్నారమ్మా."

"మీ పొలం మీదేనయ్యా. పంట పోయినప్పుడు వచ్చే సాయం నాకు రావాలంటన్నా, అంతే. పోయినేడు నాట్లన్నీ మునిగిపోయినాయి."

ఆయన ఉలిక్కిపడ్డారు. "మునిగినాయా? ఖాతాలో ఏదో పడితే పింఛను బకాయనుకున్నా. నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే కౌలు తగ్గించమంటానని అనుకుంటారేమోనని చెప్పలా."

ఆయన లోపలికి వెళ్లారు. ఇక పని కానట్టేననుకుని అత్త సంచీ అందుకుంది. అంతలో ఆయన చొక్కా మార్చుకుని, గొడుగు పట్టుకుని వచ్చారు. "పొలం చూసి ఎన్నేళ్లయిందో! పదండి, చూసిన తర్వాతే సంతకం."

మధ్యాహ్నం రైల్లో ముగ్గురం గూడూరు చేరి, అక్కడి నుంచి షేర్ ఆటోలో చిల్లకూరు వెళ్లాం. గట్టు మీద అత్త ముందు నడిచింది. కాలువ ఎక్కడ తెగిందో, ఇసుక ఎంతవరకు మేట వేసిందో, దాన్ని తను ఎలా ఎత్తించిందో వరసగా చూపించింది. పొద్దున నోరు పెగలదన్న మనిషి ఈమేనా అనిపించింది. ఈ ఏటి నారుమడి దగ్గర ఆయన వంగి, పచ్చటి నారు మీద అరచేయి ఆనించారు. "బాగా పెంచినావమ్మా" అన్నారు.

పొలం నుంచి నేరుగా రైతు సేవా కేంద్రానికి వెళ్లాం. అక్కడ ఉద్యోగం చేస్తున్న అమ్మాయి ఆయనకు ఓపికగా వివరించింది. కార్డు పదకొండు నెలల వరకే చెల్లుతుందని, దానితో భూమి మీద హక్కేదీ రాదని చెప్పింది. ఆయన రెండుసార్లు అడిగి రూఢి చేసుకుని సంతకం పెట్టారు. బయటికి వచ్చాక, "పోయినేటిది కూడా నీకు పంపిస్తాలే" అని అత్తతో అన్నారు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, "ముందు అన్నం తిందురు రాండయ్యా" అంది.

పొలం ఒకరి పేరున, చాకిరీ ఇంకొకరిది కావడం ఈ చుట్టుపక్కల మామూలే. సాయం దారి తప్పితే అందులో దురాశే ఉండనక్కర్లేదు. భయమో, మొహమాటమో, ఒకరి సంగతి ఒకరికి తెలియకపోవడమో చాలు. కార్డు వచ్చినా తుపాను ఆగదు. కానీ ఈసారి పంట దెబ్బతింటే సర్కారు లెక్కలో మా అత్త పేరు ఉంటుంది.

మీరూ ఈ పని మీద బయలుదేరుతుంటే ఒక్క మాట: నాట్లు పడకముందే వెళ్లండి. ఆధార్, పాస్‌బుక్ నకళ్లతో పాటు, వీలైతే యజమానిని కూడా పొలానికి వెంటబెట్టుకు రండి.