నాచారంల నాకు జడేసిన యాదమ్మ

ఇయ్యాల నాచారంల ఇంటర్న్‌షిప్‌కు చేరిన. పేదోళ్ల బస్తీలల్ల పనిచేసే చిన్న సంస్థ అది. ఇంచార్జి సార్ నన్ను ఫ్యాక్టరీల ఎనకున్న బస్తీకి పంపి, ఇంటింటికి పోయి పరిచయం చేసుకొని రమ్మన్నడు. అందరు పనికి పోయిన్రు, ఏ తలుపు జూసినా తాళమే. నేనుండే ఉప్పల్‌ హాస్టల్ల నాతోని మాట్లాడేటోళ్లు లేరు, ఈడ గూడ గంతేనా అనిపించింది.

ఆఖరికి ఒక్క తలుపు తెరిచుంది. జనగామ దిక్కుకెల్లి కొత్తగ వచ్చిన యాదమ్మ, ఒక్కతే రేడియో ఇనుకుంట కూసుంది.

సంస్థకెల్లి వచ్చిన అని చెప్తే, "ఏమిస్తరు మీరు?" అనడిగింది.

"ఇయ్యాలైతే ఏం లేదక్కా. ఊకె మాట్లాడుదామని వచ్చిన."

ఆమె రేడియో బందు చేసింది. "మాట్లాడు మరి. ఈడికొచ్చినంక మా ఆయన తప్ప నాతోని ఎవ్వరు మాట్లాడలే" అన్నది. జరసేపటికి నా ఎనకకొచ్చి, "గిదేం జడ, గింత వంకర?" అని ఇప్పి, దువ్వి, మళ్ల అల్లింది. ఇల్లిడిచి వచ్చినంక నా తల మీద ఎవ్వరు చెయ్యి పెట్టలే. కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఆమె ఎనకుంది కాబట్టి సూడలే.

సాయంత్రం సార్ అడిగిండు, "ఒక్కింట్లనే అంతసేపేం జేసినవమ్మా?"

"మాట్లాడిన సార్" అన్న.

గంత బిర్రుగ అల్లింది, తల నొస్తున్నది. అయినా ఇప్పబుద్ధైతలేదు. మీరైతే ఇప్పుతరా?